మధురపూడి నుంచి దుబాయ్: అమ్మ అడిగిన లెక్క

మా చెల్లి, బావగారు దుబాయ్‌లో ఉంటారు. చెల్లికి రెండో కాన్పు అక్కడే అని తేలాక అమ్మని తీసుకెళ్ళి దిగబెట్టే పని నా మీద పడింది. అమ్మకి డెబ్బై దాటాయి. మోకాళ్ళ నొప్పులు. కాసేపు కదలకుండా కూర్చుంటే కాళ్ళు నీరు పడతాయి. అందుకని వీసా గురించి గానీ, అక్కడి ఎండల గురించి గానీ ఆవిడ ఒక్క ముక్క అడగలేదు. "ఎంత దూరం, ఎంతసేపు కూర్చోవాలి, అది చెప్పు ముందు" అంది.

నేను హైస్కూల్లో లెక్కల మాస్టారిని. దూరం, వేగం ఇస్తే కాలం ఎంత అని పిల్లల చేత ఏళ్ళ తరబడి చేయించిన లెక్కే ఇది. తీరా మా సొంత ప్రయాణానికి వెయ్యబోతే దూరానికే నాలుగైదు జవాబులు వచ్చాయి.

మాది అంబాజీపేట దగ్గర పల్లెటూరు. కోనసీమలో పుట్టినవాడు విమానం ఎక్కాలంటే ముందు ఏ విమానాశ్రయం అన్నది తేల్చుకోవాలి. దగ్గర్లో ఉన్నది రాజమండ్రి ఎయిర్‌పోర్టు. పేరు రాజమండ్రి అయినా అది ఊళ్ళో లేదు, ఉత్తరాన మధురపూడిలో ఉంది. మా ఇంటి నుంచి ఎనభై కిలోమీటర్లకు అటూఇటూ. రెండోది విజయవాడ ఎయిర్‌పోర్టు, అది గన్నవరంలో ఉంది. మా పక్కనే పి.గన్నవరం ఉంది కాబట్టి ఈ మాట విన్న ప్రతి ముసలమ్మా "ఎప్పుడు పెట్టారు, నాకు తెలీలేదే" అంటుంది. ఆ గన్నవరం వేరు, మాకు నూటయాభై కిలోమీటర్ల పైనే. అక్కడి నుంచి షార్జాకి 2022 అక్టోబరులో నేరుగా విమానం మొదలైంది గానీ అది రోజూ ఉండే సర్వీసు కాదు, మాకు కావలసిన రోజుకి కుదరలేదు. మూడోది విశాఖ. కారులో అంత దూరం అమ్మని కూర్చోబెట్టలేను. కాబట్టి మధురపూడే.

మధురపూడి నుంచి దుబాయ్‌కి నేరుగా విమానం లేదు. ఎక్కడో మారాలి. హైదరాబాద్‌కి చిన్న విమానాలు ఎప్పటినుంచో ఉన్నాయి. 2024 డిసెంబరులో ముంబైకి, ఢిల్లీకి కూడా నేరుగా పెద్ద జెట్ విమానాలు మొదలయ్యాయి. మూడు దారుల్లో ఏది దగ్గర?

ఇక్కడే నాకు సరదా పుట్టింది. ఒక్కో ఎయిర్‌పోర్టు అక్షాంశం, రేఖాంశం తీసుకుని, భూమి గుండ్రంగా ఉందన్న సంగతి లెక్కలోకి తీసుకుని, రెండింటి మధ్య అతి దగ్గర దారి ఎంతో కట్టాను. మధురపూడి నుంచి శంషాబాద్‌కి సుమారు 360 కిలోమీటర్లు. శంషాబాద్ నుంచి దుబాయ్‌కి సుమారు 2,545. కలిపితే 2,905. ముంబై మీదుగా వేస్తే 970, ఆ తర్వాత 1,925, మొత్తం 2,895. ఢిల్లీ మీదుగా అయితే 3,545. మరి ఎక్కడా మారకుండా మధురపూడి నుంచి దుబాయ్‌కి తిన్నగా గీత గీస్తే? 2,880. అంటే హైదరాబాద్‌లో దిగి ఎక్కినందుకు ఆకాశంలో మనం అదనంగా తిరిగేది పాతిక కిలోమీటర్లు, ముంబైలో అయితే పదిహేను. రెండు ఊళ్ళూ మనకి దారిలోనే ఉన్నాయి. ఢిల్లీకి వెళ్ళడమంటే ఆరేడు వందల కిలోమీటర్లు చుట్టు తిరగడమే.

ఈ లెక్క చూసి ముంబై అనుకున్నాను. టికెట్లు వెతికితే మాకు దొరికిన రోజున ముంబైలో రాత్రంతా కూర్చోవాలి. దూరంలో పది కిలోమీటర్లు కలిసొచ్చి, కాలంలో ఏడెనిమిది గంటలు పోయాయన్నమాట. హైదరాబాద్ ఖాయం చేశాను.

ఇంతలో బంధువుల ఫోన్లు. మా పెదనాన్నగారి అబ్బాయి తన ఫోన్‌లో చూసి రాజమండ్రి నుంచి హైదరాబాద్ 224 అన్నాడు. వాళ్ళ అబ్బాయి ఇంకెక్కడో చూసి 195 అన్నాడు. నేను చెప్పింది 360. ముగ్గురివీ ఒప్పే. 224 మామూలు మైళ్ళు, ఒక్కోటి 1.609 కిలోమీటర్లు. 195 నాటికల్ మైళ్ళు, ఒక్కోటి 1.852 కిలోమీటర్లు. ఓడలవాళ్ళు, పైలట్లు వాడేది ఈ రెండోదే. నెట్‌లో దూరం చూసేవాళ్ళు అంకె పక్కన ఏం రాసుందో చూడకుండా వాదించుకోవడం వృథా.

అమ్మకి మాత్రం వీటిలో ఏదీ నచ్చలేదు. ఆవిడ లెక్కలో హైదరాబాద్ ఐదు వందల కిలోమీటర్లు. రైల్లో అంతే మరి. గోదావరి ఎక్స్‌ప్రెస్ విజయవాడ వెళ్ళి, అక్కడి నుంచి కాజీపేట మీదుగా తిరిగి వెళ్తుంది. అమ్మకి కోటిపల్లి రేవు గుర్తు చేశాను. ముక్తేశ్వరం నుంచి కోటిపల్లికి పంటు ఎక్కితే గోదావరి దాటడమే పని, అవతలి గట్టు కళ్ళ ముందే కనిపిస్తుంటుంది. అదే కారులో వెళ్ళాలంటే అటు యానాం వంతెన మీదుగానో, ఇటు రావులపాలెం మీదుగానో చుట్టు తిరగాలి. విమానం పంటు దారిన పోతుంది, రైలు వంతెన వెతుక్కుంటూ పోతుంది. ఈ మాట ఆవిడకి వెంటనే ఎక్కింది. "అయితే పంటు కోసం రేవులో నిలబడే టైమ్ కూడా కలుపు" అంది. నేను అప్పటికి కలపలేదు, కలపాల్సిందే అసలు అది.

మధురపూడి, శంషాబాద్ రెండూ ఇంచుమించు ఒకే అక్షాంశం మీద ఉన్నాయి. ఇది 17.1 డిగ్రీలు, అది 17.2. కాబట్టి మ్యాప్‌లో గీత గీస్తే అది గోదావరి దాటి, ఖమ్మం, సూర్యాపేట ప్రాంతాల మీదుగా తిన్నగా పడమరకి పోతుంది. ఆ 360 కిలోమీటర్లు మేం ఎక్కింది ఏటీఆర్ అనే విమానం. రెండు రెక్కలకీ పెద్ద ఫ్యాన్లు తిరుగుతుంటాయి. గంటకి ఐదు వందల కిలోమీటర్లు మించి పోదు. జెట్ విమానం ఎనిమిది వందలు దాటి పోతుంది. కొన్ని వెబ్‌సైట్లు ఏ ఊరికైనా జెట్ వేగమే వేసి, దానికి అరగంట కలిపి చూపిస్తాయి. ఆ లెక్కన యాభై ఐదు నిమిషాలు వస్తుంది. ఏటీఆర్ వేగంతో వట్టి భాగహారం చేస్తే నలభై మూడు. మా టికెట్ మీద ఉన్నది గంటా పదిహేను.

టికెట్ మీది టైమ్ గాల్లో ఉండే టైమ్ కాదు. విమానం నిలబడిన చోటు నుంచి కదిలిన క్షణం మొదలుకుని, అవతల నిలబడే చోట ఆగే క్షణం దాకా లెక్క. రన్‌వే దాకా నేల మీద పాకడం, వంతు కోసం ఆగడం, పైకెక్కేటప్పుడు, దిగేటప్పుడు నెమ్మదిగా పోవడం, గాలి ఎటు వీస్తే దానికి ఎదురుగా వచ్చి దిగడానికి చుట్టు తిరగడం, ఇవన్నీ అందులోనే ఉంటాయి. దానికి తోడు ఆలస్యమైనా టైముకి చేరాం అనిపించుకోవడానికి కాస్త సడలింపు కూడా పెట్టుకుంటారు. నా వాచీ ప్రకారం చక్రాలు నేల వదిలి మళ్ళీ నేల తాకడానికి పట్టింది యాభై రెండు నిమిషాలు. మిగతాదంతా కింద గడిచింది. దూరం తగ్గేకొద్దీ ఈ కింద గడిచే భాగమే బరువవుతుంది. దుబాయ్ విమానానికి వచ్చేసరికి మూడు గంటల యాభై నిమిషాల టికెట్‌లో గాల్లో ఉన్నది మూడు గంటల ఇరవై ఐదు.

ఇప్పుడు అసలు తిరకాసు. మా టికెట్‌లో హైదరాబాద్‌లో బయల్దేరేది మధ్యాహ్నం 2.30, దుబాయ్ చేరేది సాయంత్రం 4.50. అమ్మ కళ్ళజోడు పెట్టుకుని మరీ చదివింది. "రెండుంపావు చిల్లరే కదరా, ఈ మాత్రానికి అంత భయపెట్టావు" అంది. తిరుగు టికెట్ చూపించాను. అక్కడ రాత్రి 10కి బయల్దేరి ఇక్కడ తెల్లవారుజామున 3.05కి దిగుతుంది. ఐదు గంటల పైన. "వెళ్ళేటప్పుడు రెండు, వచ్చేటప్పుడు ఐదా? విమానానికి ఎత్తూ పల్లం ఉంటాయా?" అని అడిగింది. మంచి ప్రశ్న. చాలామంది చదువుకున్నవాళ్ళు కూడా ఇక్కడ తికమక పడటం చూశాను.

టికెట్ మీద ఏ ఊరి టైమ్ ఆ ఊరిదే వేస్తారు. మన దేశమంతటికీ టైమ్ ఇచ్చే 82.5 డిగ్రీల రేఖాంశం మన కాకినాడకి దగ్గర్లోంచే పోతుంది. అందుకే గోదావరి జిల్లాల వాళ్ళకి వాచీలో పన్నెండు అయ్యేసరికి సూర్యుడు కూడా ఇంచుమించు నడినెత్తినే ఉంటాడు. దేశంలో చాలామందికి ఈ భాగ్యం లేదు. దుబాయ్ వాళ్ళు పాటించేది 60 డిగ్రీల రేఖ టైమ్. మధ్యలో తేడా 22.5 డిగ్రీలు. భూమి ఒక్కో డిగ్రీ తిరగడానికి 4 నిమిషాలు పడుతుంది కాబట్టి 90 నిమిషాలు. వాళ్ళ గడియారం మనకన్నా గంటన్నర వెనక. వెళ్ళేటప్పుడు టికెట్‌లో కనిపించే తేడాకి గంటన్నర కలపాలి. 2.20కి 1.30 కలిపితే 3 గంటల 50 నిమిషాలు. వచ్చేటప్పుడు గంటన్నర తియ్యాలి. 5.05లోంచి 1.30 తీస్తే 3 గంటల 35 నిమిషాలు.

ఇవేవీ గుర్తుండని వాళ్ళకి ఇంకో ఉపాయం ఉంది. రానూ పోనూ టికెట్లు రెండూ ముందు పెట్టుకుని, కనిపించిన తేడాలు కలిపి సగం చెయ్యండి. 2.20, 5.05 కలిపితే 7.25. సగం 3 గంటల 42 నిమిషాలు. ఒకవైపు కలిసిన గంటన్నర రెండో వైపు తీసేసుకుంటుంది, ఏ దేశం ఎంత వెనకో తెలియకపోయినా పర్వాలేదు. దీన్ని మా తొమ్మిదో తరగతి పిల్లల చేత కూడా చేయించాను, పుస్తకంలో లెక్క కన్నా ఇష్టంగా చేశారు.

నిజమైన ప్రయాణంలో కూడా వెళ్ళేటప్పటికీ వచ్చేటప్పటికీ పావుగంట తేడా ఉంది చూశారా, అది గాలి వల్ల. ఆ ఎత్తున చలికాలంలో గాలి బలంగా పడమర నుంచి తూర్పుకి వీస్తుంటుంది. దుబాయ్ వెళ్ళేటప్పుడు ఎదురుగాలి, వచ్చేటప్పుడు వాలుగాలి. పడవ నడిపిన ఊరివాళ్ళకి ఇది విడమర్చి చెప్పక్కర్లేదు. మా ప్రయాణం జనవరిలో.

ఇక ప్రయాణం రోజు. తెల్లవారుజామున ఐదింటికి ఇంటి నుంచి బయల్దేరాం. మధురపూడి విమానం 8.50కి. కౌంటరు గంట ముందే మూసేస్తారని టికెట్‌లోనే రాసి ఉంది. కొత్తపేట, రావులపాలెం, జొన్నాడ వంతెన, కడియపులంక నర్సరీలు. దారంతా మంచు. డ్రైవరు కుర్రాడు "ఆయ్, మంచు ఉంటే విమానమే కదలదండి, మనకెందుకండి కంగారు" అని ధైర్యం చెప్పాడు. మాట నిజమే. జనవరి పొద్దుట మధురపూడిలో మంచు పట్టిందంటే విమానాలు ఆలస్యమవుతాయి. నా టెన్షన్ కూడా అదే, ఎందుకంటే శంషాబాద్‌లో మళ్ళీ విమానం పట్టుకోవాలి. రెండూ వేరువేరు టికెట్లు. మొదటిది ఆలస్యమైతే రెండోవాళ్ళు మన కోసం ఆగరు, డబ్బు కూడా తిరిగిరాదు. అందుకే మధ్యలో నాలుగు గంటల పైన వదిలి బుక్ చేశాను. ఒకే టికెట్‌గా దొరికితే మాత్రం అదే తీసుకోవడం మంచిది, సామాను కూడా తిన్నగా చివరి ఊరికి వేసేస్తారు.

సామాను సంగతి ఒక్క ముక్క చెప్పి వదిలేస్తాను. అమ్మ సర్దిన పెట్టెలో ఆవకాయ, ఆత్రేయపురం పూతరేకులు, గసగసాలు, కొబ్బరి కురిడీలు ఉన్నాయి. గసగసాలు ఆ దేశంలో నిషేధం, పట్టుకుంటే జైలు. కురిడీలు ఇక్కడే ఒప్పుకోరు. ఎండు కొబ్బరిలో నూనె ఎక్కువ, దానంతట అదే వేడెక్కి అంటుకునే సరుకుల జాబితాలో ఉంది. అంబాజీపేట దగ్గరి మనిషికి కొబ్బరి ప్రమాదకరమైన వస్తువని చెప్పి ఒప్పించడం దుబాయ్ వీసా తెచ్చుకోవడం కన్నా కష్టం. రెండూ ఇంట్లోనే తీయించేశాను. ఆవకాయ కింద వేసే పెట్టెలోకి మార్చాను, చేతి సంచిలో ఉంటే ఆపేస్తారు.

మంచు వల్ల విమానం నలభై నిమిషాలు ఆలస్యంగా కదిలింది. ఏటీఆర్‌కి రెక్కలు పైన ఉంటాయి కాబట్టి కిటికీలోంచి నేలంతా కనిపిస్తుంది. ఎడమ పక్క సీటులో అమ్మని కూర్చోబెట్టాను. కాసేపటికి మంచు పైన తేలి, పల్చబడిన చోట గోదావరి, దాని మీద వంతెనలు కనిపించాయి. అమ్మ వంతెనలు లెక్కపెట్టడం మొదలుపెట్టింది, పూర్తయ్యేలోపు అవి వెనక్కి పోయాయి. ఏటీఆర్ మోత ఎక్కువ. మాట్లాడుకోవడం కష్టం. అలవాటు లేనివాళ్ళు చెవుల్లో దూది పెట్టుకుంటే హాయి.

శంషాబాద్‌లో దేశంలో తిరిగేవాటికీ విదేశాలకు వెళ్ళేవాటికీ ఒకటే భవనం. బస్సెక్కి ఇంకో టెర్మినల్‌కి పోయే బాధ లేదు. కానీ నడక ఎక్కువ. బుక్ చేసేటప్పుడే వీల్‌చైర్ కావాలని పెట్టాను, డబ్బు అడగలేదు. సామాను తీసుకుని, పై అంతస్తుకి వెళ్ళి, మళ్ళీ కౌంటరు, ఇమిగ్రేషన్, చెకింగ్. వీల్‌చైర్ తోసే కుర్రాడు దారి తెలిసినవాడు కాబట్టి గంటన్నరలో గేటు దగ్గరికి చేర్చాడు. నేనొక్కడినే అమ్మ చెయ్యి పట్టుకుని నడిపిస్తే ఎంత పట్టేదో.

దుబాయ్ విమానంలో ముందు సీటు వెనక ఉన్న తెర మీద మ్యాప్ వేశారు. అమ్మకి అన్నిటికన్నా అదే నచ్చింది. ముంబై చుట్టుపక్కల నేల వదిలి అరేబియా సముద్రం మీదికి వెళ్ళింది. అవతల ఒమాన్ తగిలేదాకా అంతా నీలమే. స్కూల్లో గ్లోబు మీద దారం లాగి పట్టి పిల్లలకి చూపిస్తుంటాను, రెండు ఊళ్ళ మధ్య బిగుతుగా లాగిన దారమే అతి దగ్గర దారి అని. దాన్ని కాగితం మ్యాప్ మీద గీస్తే కొంచెం ఉత్తరానికి వంగి కనిపిస్తుంది. తెర మీద విమానం బొమ్మ కూడా ఆ వంపునే పోతుంటే నాకు చెప్పలేనంత సంతోషం కలిగింది. పక్కన ఎవరికైనా చెబుదామని చూశాను. అందరూ నిద్రపోతున్నారు.

అమ్మ మధ్యలో లేచి అటూఇటూ నడిచింది. నీళ్ళు తాగించాను. కాళ్ళు కొద్దిగా వాచాయి గానీ భయపడినంత లేదు. చెల్లి ఇంటి తలుపు దగ్గరికి వెళ్ళేసరికి అక్కడి టైమ్ ఆరుంపావు. మన టైమ్‌లో ఏడుముప్పావు. ఇంటి నుంచి పద్నాలుగు గంటల నలభై ఐదు నిమిషాలు. అందులో గాల్లో ఉన్నది నాలుగు గంటల పావు. మిగతా పది గంటల పైచిలుకు కార్లు, కౌంటర్లు, కుర్చీలు. అమ్మ అడిగినదానికి ఇదీ జవాబు, కానీ ఆవిడ అప్పటికే లోపలికెళ్ళి చెల్లి పొట్ట మీద చెయ్యి పెట్టి "ఇంకా కిందకి దిగలేదు, వారం పడుతుంది" అని ఇంకో లెక్క చెబుతోంది.

తిరిగొచ్చాక ఊళ్ళో గల్ఫ్ టికెట్ ఎవరి చేతికి వచ్చినా నా దగ్గరికి పంపిస్తున్నారు. మొన్న కువైట్ వెళ్ళే ఒకావిడ వచ్చింది. టికెట్‌లో రెండున్నర గంటలే కనిపిస్తోందని సంబరంగా ఉంది. కువైట్ వాళ్ళది 45 డిగ్రీల రేఖ, మనకి రెండున్నర గంటలు వెనక. హైదరాబాద్ నుంచి దూరం 3,370 కిలోమీటర్లు. ఐదు గంటలు కూర్చోవాలమ్మా అని చెప్పాను. "మాస్టారండీ, మరి మా ఇంటి నుంచి హైదరాబాద్ బస్సులో పోతేనో?" అంది. రాత్రి బస్సు టైమ్, దిగిన చోటి నుంచి శంషాబాద్‌కి ఎలా వెళ్ళాలో, కౌంటరు ఎప్పుడు మూస్తారో అన్నీ ఒక కాగితం మీద వరసగా రాసి ఇచ్చాను. పక్కన మన టైమ్ ఒక గడి, వాళ్ళ టైమ్ ఒక గడి.